బంద్ అంటే సెలవని పిల్లలకు చెప్పకండి

బంద్‌ల సంగతికి వచ్చే ముందు, ఒకప్పటి ఉద్యమం వల్ల పుట్టిన ఒక గడి గురించి చెప్పాలి. పిల్లల్ని గుంటూరులోనో బెజవాడలోనో కాలేజీలో చేర్చడానికి వచ్చిన ప్రవాస తల్లిదండ్రులకు దరఖాస్తులోనే ఒక గడి అడ్డుపడుతుంది: లోకలా, నాన్‌లోకలా? "అమ్మమ్మ వాళ్లది బ్రాడీపేట, నేను లోకలే కదా" అంటారు పిల్లలు. కాదు. 1974 నాటి ప్రవేశాల ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా 4 ఏళ్లు ఈ ప్రాంతంలో చదివినవాళ్లు లోకల్. 85 శాతం సీట్లు వాళ్లవి. మిగతా 15 శాతానికి పోటీపడటానికి ఒక దారి ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి, మొత్తం 10 ఏళ్లు రాష్ట్రంలో నివసించి ఉండాలి. అందుకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రాన్ని కౌన్సెలింగ్‌కు చాలా ముందే తీసిపెట్టుకోవాలి. విభజన చట్టం పెట్టిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది కాబట్టి, ఆ ఏటి నోటిఫికేషన్ కూడా చదవందే గడి నింపకండి.

ఈ దారి ముఖ్యంగా గల్ఫ్‌లో పెరిగి భారత పాస్‌పోర్టే ఉన్న పిల్లలది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్న పిల్లల లెక్క వేరు. భారత పౌరులకే కేటాయించిన సీట్లకు వాళ్లు అర్హులు కారని 2021 మార్చి 4న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకు ఈ ఆంక్ష వర్తించదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కార్డు మీదున్న జారీ తేదీ చూసుకోండి.

ఆ గడి ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకు తప్పకుండా చెప్పాలి. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తెలంగాణలో ఉద్యోగాలకు స్థానిక నివాసం తప్పనిసరి చేసే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇవ్వగానే కోస్తా, రాయలసీమ కాలేజీల్లో విద్యార్థులు బయటికొచ్చారు. తర్వాత ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు) సమ్మెకట్టారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన ఈ జై ఆంధ్ర ఉద్యమంలో చదువులు నెలల తరబడి ఆగిపోయాయి. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబరు 21న చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం, ఆ వెనకే ప్రవేశాల ఉత్తర్వు. తాతయ్యల తరం క్లాసులు వదిలి రోడ్డెక్కినదాని ఫలితమే మనవడి దరఖాస్తులో గడిగా నిలబడింది. తాతయ్యను "ఉద్యమం ఎలా ఉండేది?" అని అడిగితే నాలుగు మాటలతో సరిపెడతారు. "మీ పరీక్షలు ఎప్పుడు జరిగాయి? ఆ నెలల్లో హాస్టల్లో ఉన్నారా, ఊరెళ్లారా?" అని అడగమనండి. అప్పుడు గంటసేపు చెబుతారు.

అమెరికాలో పెరిగిన పిల్లలకు నిరసన అంటే బడి నుంచి బయటికొచ్చి, కాసేపు నిలబడి, మళ్లీ క్లాసుకెళ్లడం. 2018 మార్చి 14న అక్కడి బడుల్లో తుపాకుల మీద జరిగిన నిరసన 17 నిమిషాలు. ఇక్కడ 2013 జులై 30న విభజన నిర్ణయం వెలువడ్డాక ఆగస్టులో మొదలైన ఎన్జీవోల సమ్మె అక్టోబరు మధ్యదాకా నడిచింది, ఆర్టీసీ కార్మికులూ అందులో దిగారు. కాబట్టి ఇంట్లో తెలుగు నేర్పేటప్పుడు ఈ మాటలూ నేర్పండి. రాస్తారోకో అంటే గంటో రెండు గంటలో దారి ఆపడం. వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే భోంచేయడం. వంట, వడ్డన అయ్యేదాకా దారి తెరవరు. రిలే దీక్షలో రోజుకో బృందం కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తుంది. ఆమరణ దీక్ష అలా కాదు, దాని చుట్టూ పోలీసులుంటారు, రాత్రికి రాత్రే ఆసుపత్రికి తరలింపులుంటాయి. బంద్ రోజున పాలు, మందుల షాపులు, అంబులెన్సులు ఆపరు. బస్సు మాత్రం డిపో దాటదు.

ఈ ప్రాంతంలో చిక్కంతా కృష్ణ దాటడంలో ఉంది. నాగార్జున విశ్వవిద్యాలయం నంబూరు దగ్గర, జాతీయ రహదారి పక్కన ఉంది. బెజవాడ స్టేషనూ గన్నవరం విమానాశ్రయమూ అవతలి ఒడ్డున. కనకదుర్గ వారధి, ప్రకాశం బ్యారేజీ మూసుకుపోతే చేతిలో టికెట్ ఉన్నా దండగే. బంద్ పిలుపు ముందే తెలుస్తుంది కనుక ముందు రాత్రే నది దాటించండి. అది కుదరకపోతే గుంటూరులోనే రైలెక్కి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నల్గొండ మీదుగా సికింద్రాబాద్ చేరి, శంషాబాద్ నుంచి విమానం ఎక్కవచ్చు. ఈ లైను బెజవాడ ముఖం చూడదు. హాస్టల్ గదిలో మూడు రోజులకు సరిపడా నగదు, వాడే మందులు, పాస్‌పోర్టు, ఓసీఐ కార్డుల జిరాక్సు కాగితాలు ఉండాలి. నెట్ ఆగితే ఫోన్‌లో దాచిన బొమ్మను ఎవరికీ పంపలేరు.

చట్టం సంగతి మెత్తగా చెప్పి వదిలేయకండి. జనం ఇప్పటికీ 144 సెక్షన్ అంటున్నా 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 163. అది అమల్లో ఉంటే స్నేహితులతో గుంపుగా నిలబడినా ఇబ్బందే. రైలు ఆపితే రైల్వే చట్టం 174 కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కేసు పెట్టి తర్వాత ఎత్తేసినా, అమెరికా వీసా ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. విదేశీ పాస్‌పోర్టుతో విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం మీద నిరసనలో పాల్గొన్నందుకు ఐఐటీ మద్రాసులోని ఒక జర్మనీ విద్యార్థి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఓసీఐకి ఓటు లేదు, ఆ కార్డును రద్దు చేసే అధికారం పౌరసత్వ చట్టం 7డి కేంద్రానికి ఇస్తోంది. అంతమాత్రాన పిల్లల నోరు నొక్కడం మా ఉద్దేశం కాదు. సభకెళ్లి వినమనండి, కాలేజీలో వాదించమనండి, తెలుగులో రాయమనండి. పట్టాల మీదికి మాత్రం వద్దని, ఎందుకు వద్దో కూడా చెప్పండి.

ఎక్కువ మంది దెబ్బతినేది నిజానికి తేదీల దగ్గర. చివరి సెమిస్టర్ రెండు నెలలు వెనక్కి జరిగితే, ఆగస్టులో మొదలయ్యే అమెరికా పీజీకి ప్రొవిజినల్ సర్టిఫికెట్ అందదు. అందుకే గొడవలు మొదలైన వారంలోనే అప్పటిదాకా రాసిన సెమిస్టర్ల మార్కుల మెమోలు, ట్రాన్‌స్క్రిప్టులు తీసుకోండి. పరీక్షలు వాయిదా పడ్డాయని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి, సీటును జనవరికి మార్చమని అక్కడి విశ్వవిద్యాలయాన్ని అడగండి. ప్రిన్సిపాల్ సంతకంతోపాటు కాలేజీ స్టాంపు కూడా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. స్టాంపు లేదని తిప్పి పంపితే, ఆఫీసు మళ్లీ తెరిచేదాకా ఆగాల్సిందే.