టైమ్‌ల్యాప్స్‌లో ఇంటెన్సిటీ కొలవడం: నా అనుభవం

మైక్రోస్కోప్ కింద కణాలను వరుస ఫ్రేములుగా షూట్ చేసి, వాటి ఫ్లోరోసెన్స్ (కాంతి పడినప్పుడు అవి వెదజల్లే వెలుగు) ఎలా మారిందో ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ గీయడం పది నిమిషాల పని. ఆ గీతలో కణానిది ఎంత, కెమెరాది ఎంత, దీపానిది ఎంత అని విడదీయడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది.

షూట్ చేసేటప్పుడే ఆటో ఎక్స్‌పోజర్ ఆపేస్తాను. లేకపోతే కణం వెలిగిన ప్రతిసారీ కెమెరా తనంతట తాను ఎక్స్‌పోజర్ తగ్గించి, మనకు కావాల్సిన మార్పునే మింగేస్తుంది. 12 బిట్ కెమెరాలో గరిష్ఠ విలువ 4095. శిఖరం దాన్ని తాకితే పైభాగం కోసేసినట్టు చదునుగా వస్తుంది, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. సేవ్ చేయడం టిఫ్‌లోనే, పిక్సెల్ విలువలను మార్చేసే జేపెగ్‌లో వద్దు. బ్రైట్‌నెస్ స్లయిడర్ కదిపితే మారేది తెరపై కనిపించే తీరే, కానీ 'అప్లై' నొక్కారో పిక్సెల్ విలువలే మారిపోవచ్చు. 16 బిట్ నుంచి 8 బిట్‌కి మార్చడంలోనూ ఇదే ప్రమాదం: అప్పటికి తెరపై ఉన్న కాంట్రాస్ట్ హద్దులకే విలువలు కుదించుకుపోతాయి.

ఫైల్ తెరవగానే ఇమేజ్ ప్రాపర్టీస్‌లో స్లైసులు (లోతు పొరలు), ఫ్రేములు (కాలక్రమం) తారుమారు కాలేదు కదా అని చూడాలి. తర్వాత కణం చుట్టూ ఒక ఆర్‌ఓఐ (కొలవాల్సిన ప్రాంతపు హద్దు), కణాలేవీ లేని చోట ఇంకొకటి గీసి, రెంటినీ ఆర్‌ఓఐ మేనేజర్‌లో చేర్చి, అన్ని ఫ్రేముల్లో ఒకేసారి కొలిచే మల్టీ మెజర్ నడపాలి. తీసుకోవాల్సింది మీన్ గ్రే వాల్యూ, అంటే ఆ ప్రాంతంలోని పిక్సెల్ విలువల సగటు.

ఎక్కువ మంది తప్పేది బ్యాక్‌గ్రౌండ్ దగ్గర. కణం 300 నుంచి 400కి పెరిగిందనుకుందాం. నేరుగా భాగిస్తే మార్పు 33 శాతం. కానీ ఖాళీ చోటే 100 చూపిస్తోంది. ప్రతి ఫ్రేములోనూ అది తీసేస్తే 200 నుంచి 300, అంటే 50 శాతం. కణం అదే, ఫలితం వేరు! అందుకే తీసివేత ముందు, బేస్‌లైన్‌తో (మార్పుకు ముందున్న విలువతో) భాగించడం తర్వాత. బేస్‌లైన్‌గా ఒక్క ఫ్రేము చాలదు, ఉద్దీపన (కణాన్ని స్పందింపజేసే ప్రేరణ) ఇవ్వకముందు ఫ్రేముల సగటు తీసుకుంటాను.

గీత మెల్లగా కిందికి జారుతుంటే అది ఫోటోబ్లీచింగ్ (దీపం కాంతికే ఫ్లోరోసెన్స్ క్రమంగా వెలిసిపోవడం) కావచ్చు. ఉద్దీపన ఇవ్వని కణాలను అదే సెట్టింగులతో షూట్ చేసి పోల్చితే తెలిసిపోతుంది. దీన్ని సవరించే ఫిజీ టూల్ బ్లీచ్ కరెక్షన్‌లోని సింపుల్ రేషియో పద్ధతికి కూడా బ్యాక్‌గ్రౌండ్ ముందే తీసి ఉండాలి. నిజంగా నెమ్మదిగా తగ్గే సిగ్నల్ అయితే ఈ సవరణ దాన్నీ చదును చేసేస్తుంది, కాబట్టి కంట్రోల్ (పోల్చడానికి ఉద్దీపన ఇవ్వని ఆ కణాలు) లేకుండా వాడను.

ఉన్నట్టుండి మెట్టులా పడిపోతే అది బ్లీచింగ్ కాదు. కణం ఆర్‌ఓఐ నుంచి జరిగిందో, ఫోకస్ తప్పిందో స్టాక్ (ఫ్రేముల వరుస) ప్లే చేసి కళ్లతో చూడాల్సిందే. చిత్రమంతా పక్కకు జరిగితే స్టాక్‌రెగ్ అనే ప్లగిన్ సరిదిద్దుతుంది. ఫోకస్ తప్పితే మాత్రం ఆ ఫ్రేములు వదులుకోవడమే.