ఇషా తర్వాత ఫోను

పిల్లల చేతిలోని ఫోనును ఎలా అదుపు చేయాలని నెల్లూరు కోటమిట్టలో మా ఇరుగుపొరుగు అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) నూర్‌లో 58వ ఆయతు (వాక్యం). తెల్లవారుజామున చేసే ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, రాత్రి చేసే ఇషా నమాజు తర్వాత, ఈ మూడు సమయాల్లో ఈడేరని పిల్లలు సైతం అనుమతి అడిగే లోపలికి రావాలని అది ఆదేశిస్తుంది. కన్నబిడ్డే అడిగి రావలసిన వేళల్లో ఊరూ పేరూ తెలియని వారి రీళ్లు అడగకుండానే పడకగదిలోకి వస్తున్నాయి కనుక, ఆ మూడు వేళల్లోనూ ఫోన్లు హాల్లోని అలమారాలో ఉండాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము. ఇది నా అన్వయమే తప్ప తఫ్సీరు (ఖురాన్ వ్యాఖ్యానం) కాదని మనవి.

అయితే తండ్రి కువైట్‌లో ఉన్న ఇళ్లలో ఈ నియమం యథాతథంగా కుదరదు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. ఆయన ఏడింటికి డ్యూటీ దిగి ఫోను చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, అంటే ఇషా దాటిన వేళ. మా చెల్లెలి ఇంట్లో ఆ ఒక్క కాల్‌కు మినహాయింపు ఉంది: ఫోనును నీళ్ల బిందెకు ఆనించి దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) పక్కనే నిలబెడతారు, పిల్లలు అన్నం తింటూనే ఆ రోజు సబక్ (పాఠం) అబ్బాకు అప్పజెబుతారు. డబ్బు పంపడంతో తండ్రి బాధ్యత తీరిందనుకునే ఇళ్లు మన జిల్లాలో తక్కువేమీ కావు.

పిల్లలు నిద్రపోయాక వారి ఫోను దొంగచాటుగా వెతకడాన్ని మాత్రం నేను సమర్థించను. ఇతరుల గుట్టు ఆరా తీయవద్దని సూరా హుజురాత్ 12వ ఆయతు చెబుతోంది. చూడదలచినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూడటమే మర్యాద. ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏళ్లు నిండాలని తెలిసీ పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిచి ఇచ్చే పెద్దలు, ఆ తర్వాత అబద్ధమాడవద్దని పిల్లలకు ఏ ముఖంతో చెబుతారు?

అదే హుజురాత్ సూరాలో, వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించుకోమని చెప్పే 6వ ఆయతు పిల్లలకన్నా మా ఖాందాన్ (కుటుంబ) గ్రూపుకే ఎక్కువ అవసరం. ఎక్కడిదో పాత వీడియోను ఈ ఏటి రొట్టెల పండుగదిగా పంపిన మా ఫూఫాను (మేనత్త భర్తను), ఎవరు తీశారని అందరి ముందూ అడిగితే, అలిగి గ్రూపు వదిలిన ఆయన బక్రీద్ దావతుకు ఇంటికి వెళ్లి పిలిస్తే గానీ తిరిగి చేరలేదు.