బెబ్రా జంక్షన్: బండి వెనక్కి తిరిగే ఊరు

జర్మనీలో కాసెల్ నుంచి ఐజెనాఖ్ వెళ్ళాలంటే మామూలుగా బెబ్రాలో బండి మారాలి. మారేవాళ్ళలో చాలామంది ఫోన్ చూసుకుంటూ ఒక ప్లాట్‌ఫాం మీంచి ఇంకో ప్లాట్‌ఫాం మీదకి పోతారు, అంతే, స్టేషన్ని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. నాకు రైళ్ళ పిచ్చి కాబట్టి మొదటిసారి దిగినప్పుడే ఆశ్చర్యం వేసింది, ఊరి జనాభా చూస్తే 14 వేల చిల్లర, చుట్టూ పొలాలు, కొండలు, అడవి, మధ్యలో ఇంత యార్డు, ఇన్ని పట్టాలు ఏంటి, ఎవరి కోసం వేశారు అని. అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతూ వచ్చా. అదంతా ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది, రైళ్ళంటే ఆసక్తి లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను.

ముందు స్టేషన్ ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. బెబ్రాకి నాలుగు వైపుల నుంచి లైన్లు వస్తాయి. ఉత్తరం కొస నుంచి రెండు: ఒకటి ఫుల్డా నది పక్కనే రోటెన్‌బుర్గ్ మీదుగా కాసెల్ పోయేది, రెండోది కోర్న్‌బెర్గ్ ఎత్తు ఎక్కి గోటింగెన్ వైపు పోయేది. దక్షిణం కొస నుంచి ఇంకో రెండు: బాట్ హెర్స్‌ఫెల్డ్ మీదుగా ఫుల్డా, అక్కణ్ణుంచి ఫ్రాంక్‌ఫర్ట్ పోయేది ఒకటి, హ్యోనెబాఖ్ సొరంగంలోంచి గెర్‌స్టుంగెన్, ఐజెనాఖ్, ఎర్‌ఫుర్ట్ పోయేది ఇంకోటి. స్టేషన్ బిల్డింగ్ వీటన్నిటి మధ్యలో, రెండు పక్కలా పట్టాలు పెట్టుకుని దీవిలాగా ఉంటుంది, రోడ్డు మీంచి నేరుగా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళే స్టేషన్ కాదు. బండి మారేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టింది, ఊళ్ళోవాళ్ళ సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు ఫుల్డా లైనూ ఎర్‌ఫుర్ట్ లైనూ రెండూ దక్షిణం కొసనే ఉన్నాయన్నా కదా, అది గుర్తుపెట్టుకోండి. అంటే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బెర్లిన్ వైపు పోయే బండి బెబ్రాలోకి వచ్చి, ఇంజన్ విప్పి రెండో చివర తగిలించుకుని, వచ్చిన దారినే కొంత వెనక్కి పోవాలి. మన వైజాగ్‌లో హౌరా–చెన్నై బండ్లకి ఇంజన్ మార్చి వెనక్కి తిప్పుతారు చూడండి, నిద్రలోంచి లేచినవాళ్ళు బండి మళ్ళీ హౌరా పోతోందేమో అని కంగారు పడతారు, అచ్చం అదే.

ఇలా తిక్కగా ఎందుకు వేశారంటే, వేసినప్పుడు అది తిక్క కాదు. 1848లో బెబ్రాకి మొదటి రైలు వచ్చినప్పుడు జర్మనీ అనే ఒక్క దేశమే లేదు. ఈ ప్రాంతం హెస్సె-కాసెల్ అనే చిన్న రాజ్యం, అక్కడి పాలకుడి పేరు మీదే ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ నార్త్ రైల్వే అని కంపెనీ పెట్టి, రాజధాని కాసెల్ నుంచి నది వెంబడే బెబ్రా దాకా తెచ్చి, 1849లో గెర్‌స్టుంగెన్ దాకా లాగి అక్కడ థురింగియా రైల్వేకి కలిపారు. కాసెల్ నుంచి ఎర్‌ఫుర్ట్, హాలె మీదుగా బెర్లిన్, ఇది వాళ్ళ లెక్క. ఆ దారిలో పోయే బండికి బెబ్రాలో తిరగాల్సిన పనే లేదు, ఉత్తరం నుంచి వచ్చి దక్షిణం కొసలోంచి వంపు తిరిగి తూర్పుకి పోతుంది. ఈ కంపెనీ కోసమే కాసెల్‌లో హెన్షెల్ ఫ్యాక్టరీ తన మొట్టమొదటి ఇంజన్ చేసింది, 1848లోనే, పేరు డ్రాఖె, అంటే డ్రాగన్. తర్వాత రోజుల్లో హెన్షెల్ యూరప్‌లోనే పేరుమోసిన ఇంజన్ల కంపెనీ అయింది, మొదలు మాత్రం ఈ లైనే.

మరి ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్ళు బెర్లిన్ ఎలా పోయేవాళ్ళు అంటే గీసెన్, మార్‌బుర్గ్ మీదుగా కాసెల్ దగ్గర గుంటర్స్‌హౌజెన్ దాకా పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ కిందకి బెబ్రా వచ్చి తూర్పుకి తిరిగేవాళ్ళు. చుట్టు తిరుగుడు. అందుకని ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న హనావు నుంచి ఫుల్డా మీదుగా నేరుగా బెబ్రాకి ఒక లైన్ వేయడం మొదలుపెట్టారు. బెబ్రా నుంచి ఫుల్డా దాకా 1866లో అయిపోయింది, సరిగ్గా అదే ఏడు ప్రష్యా అనే పెద్ద జర్మన్ రాజ్యం యుద్ధంలో గెలిచి హెస్సె-కాసెల్ రాజ్యాన్నే మింగేసింది, లైన్ మొదలుపెట్టింది ఒక రాజ్యం, పూర్తిచేసింది ఇంకో రాజ్యం. 1868 చివరికి మొత్తం హనావు దాకా కలిసింది. కొత్త లైన్ దక్షిణం నుంచి వచ్చి దక్షిణం కొసకే తగిలింది, నది లోయ అటే ఉంది మరి, ఇంకెక్కడ తగిలిస్తారు. అలా బండి వెనక్కి తిప్పే గొడవ మొదలైంది. ఇంకా విచిత్రం ఏంటంటే ఇదే లైన్‌లో దక్షిణంగా ఎల్మ్ అనే చోట కొండ దాటడానికి ఇంకోసారి వెనక్కి తిరగాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కి కిటికీ పక్కన ముందుకి చూస్తూ కూర్చున్నవాడు ఎల్మ్ దాటాక వెనక్కి చూస్తూ కూర్చుని, బెబ్రా దాటాక మళ్ళీ ముందుకి చూస్తూ బెర్లిన్ పోయేవాడు.

1875, 76ల్లో గోటింగెన్ లైన్ కూడా వచ్చేసరికి బెబ్రా నాలుగు రోడ్ల కూడలి అయిపోయింది. ఊరికి దానివల్ల ఏమైంది అంటే రైతుల పల్లె కాస్తా రైల్వేవాళ్ళ ఊరు అయిపోయింది. ఇక్కడ ఇంజన్లు ఎందుకు అన్ని కావాలో కొంచెం చెప్పాలి. బెబ్రా లోయలో ఉంది, కోర్న్‌బెర్గ్ వైపు పోవాలన్నా ఎత్తు ఎక్కాలి, హ్యోనెబాఖ్ వైపు పోవాలన్నా ఎత్తే. బరువు గూడ్సు బండి ఒక్క ఇంజన్‌తో ఎక్కదు, వెనకాల ఇంకో ఇంజన్ పెట్టి తోయాలి, కొండ మీద దాకా తోసి ఆ ఇంజన్ మళ్ళీ కిందకి వస్తుంది, ఇంకో బండిని తోస్తుంది, రాత్రీ పగలూ ఇదే పని. దానికి తోడు నాలుగు వైపుల నుంచి వచ్చే గూడ్సు పెట్టెలు విడగొట్టి మళ్ళీ కలిపే షంటింగ్ యార్డు. డ్రైవర్లు, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్లు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్లు, షెడ్డు మెకానిక్‌లు, వీళ్ళందరి కుటుంబాలు. 1935లో బెబ్రాకి పట్టణ హోదా వచ్చిందంటే అది పూర్తిగా స్టేషన్ పుణ్యమే.

తిరగడం అనే తలనొప్పి చివరికి మొదటి ప్రపంచ యుద్ధం ముందు తీరింది. 1914లో ఎల్మ్ దగ్గర డిస్టెల్‌రాజెన్ సొరంగం, మూడున్నర కిలోమీటర్ల పైమాటే, తెరిచారు. దాదాపు అదే టైంలో బెబ్రాకి దక్షిణంగా ఫుల్డా లైన్ నుంచి నేరుగా ఎర్‌ఫుర్ట్ లైన్‌లోకి ఒక వంపు వేశారు, దాన్ని ఇప్పటికీ బెర్లిన్ కర్వ్ అనే అంటారు. వైజాగ్ రాకుండా దువ్వాడ మీంచి దాటేసే బండ్లు ఉంటాయి కదా, ఆ ఏర్పాటే. నాకైతే బెబ్రా కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఈ చిన్న వంపే అనిపిస్తుంది, రాజులు, యుద్ధాలు వచ్చాయి పోయాయి గానీ ఈ ఊరికి అసలు పోటీ ఊరి బయటే పుట్టింది. కాకపోతే అది దెబ్బ కొట్టడానికి ఇంకో డెబ్బై ఐదేళ్ళు పైనే పట్టింది, మధ్యలో దేశమే రెండు ముక్కలైంది కాబట్టి.

1945లో రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గెలిచినవాళ్ళు జర్మనీని జోన్లుగా పంచుకుని గీత గీసినప్పుడు బెబ్రా అమెరికన్ల వైపు, గెర్‌స్టుంగెన్ సోవియట్ల వైపు పడ్డాయి. ఇక్కడ ఒక భలే సంగతి ఉంది. అమెరికన్లకి సముద్రం మీంచి సామాను వచ్చేది ఉత్తరాన బ్రెమర్‌హావెన్ రేవులో, అక్కణ్ణుంచి వాళ్ళ దక్షిణం జోన్‌కి రావాలంటే గోటింగెన్–బెబ్రా లైనే దారి, ఆ లైన్ ఒకచోట కొద్ది కిలోమీటర్లు సోవియట్ జోన్‌లోంచి పోతుంది. బండి ఎప్పుడు ఆపుతారో తెలీదు. అందుకని 1945 సెప్టెంబర్ 17న వాన్‌ఫ్రీడ్ అనే ఊళ్ళో రెండు సైన్యాల ఆఫీసర్లు కూర్చుని ఊళ్ళు మార్చుకున్నారు, రైలు పట్టాలు ఉన్న వెర్లెస్‌హౌజెన్, నాయ్‌జేజెన్ అమెరికన్లకి, బదులుగా హెస్సెలోని అయిదు పల్లెలు సోవియట్లకి. సంతకాలయ్యాక విస్కీ, వోడ్కా సీసాలు ఇచ్చిపుచ్చుకున్నారని, అందుకే ఆ లైన్‌కి విస్కీ-వోడ్కా లైన్ అని పేరు వచ్చిందని చెప్తారు. రైలు లైన్ కోసం పల్లెలు చేతులు మారడం, ఆ పల్లెల్లో వాళ్ళ జీవితం తర్వాత నలభై అయిదేళ్ళు కంచెకి ఆవల గడవడం, చదువుతుంటే సరదాగా ఉంటుంది గానీ వాళ్ళకి సరదా ఏం కాదు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు బెబ్రాకి రెండు ముఖాలు. ఒకటి, పశ్చిమ జర్మనీకి ఉత్తర-దక్షిణ ప్రధాన లైన్ ఇదే అయింది, హాంబుర్గ్, హనోవర్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ పోయే బండ్లన్నీ సరిహద్దుకి దగ్గర్లోంచి ఇటే పోయేవి, 1960ల మొదట్లో కరెంటు లైన్ కూడా వేశారు. అంతకు కొంచెం ముందు 1957లో పశ్చిమ జర్మనీ చివరిగా చేసిన ఎక్స్‌ప్రెస్ ఆవిరి ఇంజన్లు, క్లాస్ 10, మొత్తం చేసినవే రెండు, ఆ రెండూ మొదట బెబ్రా షెడ్డులోనే ఉండేవి. రెండో ముఖం సరిహద్దు. తూర్పు వైపు పోయే బండి ఇప్పుడు కర్వ్ మీంచి దాటేయడానికి లేదు, బెబ్రాలోకి రావాలి, ఆగాలి, ఇంజన్ మార్చాలి, వెనక్కి తిరగాలి, అంటే 1868 నాటి పద్ధతే మళ్ళీ. తూర్పు జర్మనీ ఇంజన్లు బెబ్రా దాకా వచ్చి బండి తీసుకుపోయేవి, వాటిలో పాత ఇంజన్లని తిరగచేసి తయారుచేసిన 01.5 రకం ఆవిరి ఇంజన్లు 1973 దాకా వచ్చేవి. అప్పటికి పశ్చిమాన ఎక్స్‌ప్రెస్ బండ్లకి ఆవిరి దాదాపు కరువైపోయింది, అందుకని ఫోటోలు తీసుకునే పిచ్చోళ్ళంతా కెమెరాలేసుకుని బెబ్రాలో దిగేవాళ్ళు. నేను ఆ కాలంలో ఉండుంటే నేనూ అక్కడే ఉండేవాణ్ణి, అందులో అనుమానం లేదు.

1964 నుంచి తూర్పు జర్మనీ తన పింఛనుదారులని పడమరకి చుట్టాలింటికి పోనిచ్చేది, పని చేసే వయసు దాటినవాళ్ళు తిరిగి రాకపోయినా ప్రభుత్వానికి పోయేదేం లేదని లెక్క. అలా వచ్చే ముసలివాళ్ళలో ఈ దారిన వచ్చేవాళ్ళకి పడమటి వైపు మొదటి పెద్ద స్టేషన్ ఇదే. సరిహద్దు దగ్గర పాత లైన్ అటూ ఇటూ దాటుతూ పోయేది కాబట్టి తూర్పువాళ్ళు 1962లో గెర్‌స్టుంగెన్ నుంచి ఫ్యోర్తా దాకా తమ భూమి మీదే వేరే లైన్ వేసుకున్నారు. దేశం కలిశాక దాంతో పని లేక పట్టాలు పీకేశారు.

1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ పడింది, అందరూ బెబ్రాకి ఇక తిరుగులేదు అనుకుని ఉంటారు, తూర్పు-పడమర దారి మళ్ళీ తెరుచుకుంది కదా. జరిగింది వేరు. 1991 జూన్‌లో హనోవర్–వ్యుర్ట్స్‌బుర్గ్ హైస్పీడ్ లైన్ పూర్తిగా మొదలైంది, అది కాసెల్ విల్‌హెల్మ్స్‌హ్యోహె మీదుగా ఫుల్డా పోతుంది, బెబ్రా ఛాయలకే రాదు. ఉత్తర-దక్షిణ ఎక్స్‌ప్రెస్‌లన్నీ అటు వెళ్ళిపోయాయి. ఇక తూర్పు-పడమర బండ్లకి 1914 నాటి కర్వ్ ఉండనే ఉంది, 1995లో బెబ్రా–ఎర్‌ఫుర్ట్ లైన్‌కి కరెంటు కూడా వచ్చాక ఇంజన్ మార్చాల్సిన పనీ లేదు, తిరగాల్సిన పనీ లేదు. రెండు దారులూ కొన్నేళ్ళ తేడాలో ఒకేసారి పక్కకి తప్పుకున్నాయి. సరిహద్దు ఊరిని ముక్కలు చేసిందనుకుంటాం గానీ బెబ్రా విషయంలో సరిహద్దే ఆ స్టేషన్ని అన్నేళ్ళు బతికించింది, ఈ మాట అక్కడివాళ్ళ ముందు అంటే ఒప్పుకుంటారో లేదో గానీ టైంటేబుల్ చూస్తే నాకు అలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు బెబ్రాలో ఎక్కువగా కనిపించేవి కాంటుస్ కంపెనీ లోకల్ బండ్లు, కాసెల్, ఫుల్డా, గోటింగెన్, ఐజెనాఖ్ నాలుగు వైపులా పోతాయి, 2006 చివర్నుంచి వాళ్ళే నడుపుతున్నారు. గూడ్సు మాత్రం బాగానే ఉంది, యార్డు సగం ఖాళీగా కనిపించినా పని ఆగలేదు. పాత లోకోషెడ్డు బాగుచేసి ఫంక్షన్లకి ఇస్తున్నారు, నీళ్ళ టవర్‌లో రైల్వే మ్యూజియం పెట్టారు, వెళ్ళేముందు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి. ఎవరైనా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డ్రెస్డెన్ వైపు ఐసీఈలో, అంటే జర్మనీ హైస్పీడ్ రైల్లో, పోతుంటే బాట్ హెర్స్‌ఫెల్డ్ దాటాక ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, బండి కుడికి వంగుతుంది, అదే ఆ కర్వ్, బెబ్రా ఎడమ పక్కన ఉండిపోతుంది. ఫుల్డా నుంచి గెర్‌స్టుంగెన్‌కి ఇంకో కొత్త హైస్పీడ్ లైన్ వేయాలని ప్లాన్లు నడుస్తున్నాయి, అది వస్తే ఐసీఈలకి ఈ కర్వ్‌తో కూడా పని ఉండదు.