వణుకు తిరిగొచ్చిన రాత్రి

ఏళ్ల తరబడి లెవోడోపా మాత్రలు వాడాక నా పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వాటికి లొంగడం మానేసింది. మాత్ర ఎక్కితే ఒళ్లంతా మెలికలు, దిగితే కాళ్లు నేలకు అతుక్కుపోవడం. అప్పుడే డాక్టరు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అనే ఆపరేషన్ చేయిద్దామన్నారు. మెదడు లోతుల్లోకి కరెంటు అందించే సన్నటి ఎలక్ట్రోడ్లు దించి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పరికరం పెట్టి, రెండింటినీ తీగతో కలుపుతారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే న్యూరోసర్జన్ 1987లో దీనికి బాట వేశారని అప్పుడు తెలిసింది.

తలకు ఫ్రేమ్ బిగించి, మెలకువగా ఉంచే ఆపరేషన్ చేశారు. భయపడినంత కష్టమేమీ అనిపించలేదు. పైగా పరికరం ఆన్ చెయ్యకముందే నా కుడిచేతి వణుకు మాయమైంది. ఇంటికొచ్చి నా చేత్తో నేనే జడ వేసుకుంటే మావారు చూసి ఏడ్చేశారు.

తర్వాత ఒక రాత్రి నిద్రలో చెయ్యి మంచానికి కొట్టుకుంటుంటే మెలకువ వచ్చింది. వణుకు మళ్లీ మొదలైంది, మునుపటంత గట్టిగా. మావారు ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాయన, "కొందరికి ఇది పనిచెయ్యదండీ, పొద్దున రండి" అని పెట్టేశాడు.

ఆ మాటతో తెల్లారేదాకా ఎలా గడిపానో నాకే తెలుసు. తల తొలిపించుకున్నదంతా వృథా అనుకున్నాను. మావారు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, ఆయన చెయ్యి కూడా నాతోపాటు ఊగుతూనే ఉంది. దేవుడి మీద కోపం వచ్చింది, మళ్లీ ఆయన్నే పిలిచాను.

అసలు సంగతి పొద్దున తెలిసింది. ఎలక్ట్రోడ్ దిగిన చోట కాస్త వాపు వస్తే లక్షణాలు కొన్నాళ్లు తగ్గుతాయట, వాపు తగ్గిపోయాక తిరిగొస్తాయట. చాలామందిలో జరిగేదే! పరికరం ఇంకా ఆన్ చెయ్యనే లేదు కదా. ఈ రెండు ముక్కలు ముందే ఎందుకు చెప్పలేదు? ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

కానీ తర్వాత పరికరం ఆన్ చేసి ప్రోగ్రామింగ్ (కరెంటు ఎంత పంపాలో సరిచూడడం) చేసిన డాక్టరమ్మకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. సెకనుకు 130 సార్లు కరెంటు పంపుతున్నామని చెప్పి, కొంచెం కొంచెంగా పెంచుతూ, నా మాట ముద్దగా వస్తే వెంటనే తగ్గించి, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. జబ్బు ఆగదనీ, తూలడం, మాట తడబడడం లాంటివాటికి ఇది పెద్దగా పనిచెయ్యదనీ ఆవిడే నిజాయితీగా చెప్పారు. వణుకు చాలావరకు పోయింది. మాత్రలు తగ్గాయి, మెలికలూ తగ్గాయి.

ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆన్ చేసేది ఎప్పుడు, అప్పటిదాకా ఏం జరగొచ్చు, రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలి అని అడిగి రాసుకోండి. ఒంట్లో పరికరం ఉందని తెలిపే కార్డు ఎప్పుడూ దగ్గరే ఉంచుకోండి. ఫిజియోథెరపీలో డయాథెర్మీ అనే వేడి చికిత్స మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, దానివల్ల ఎలక్ట్రోడ్ వేడెక్కి మెదడు దెబ్బతినవచ్చు.