నాలుగు గంటల్లో ఒక్క సెంటీమీటరు

పొద్దున డ్యూటీ ఎక్కేసరికి లేబర్ రూమ్‌లో ఒక్కరే ఉన్నారు. తొలిచూలు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకుంది, ఉమ్మనీరు ఇంకా పోలేదు, బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 140 దరిదాపుల్లో ఉంది. నాతోపాటు మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే పని, ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయిని వేశారు. చురుకైన పిల్ల, కాకపోతే మనిషి కంటే గడియారాన్నే ఎక్కువ చూస్తుంది.

నాలుగు గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే 6. బయటికి రాగానే ఆ అమ్మాయి అడిగింది: "మేడమ్, గంటకి ఒక సెంటీమీటరైనా తెరుచుకోవాలి కదా? ఆలస్యమైపోతోందేమో?"

అడగాల్సిన ప్రశ్నే. మా తరమంతా ఆ లెక్కతోనే చదువుకుంది. ముఖద్వారం గంటగంటకీ ఎంత తెరుచుకుంటుందో చూపిస్తూ 1950ల్లో ఫ్రీడ్‌మన్ అనే డాక్టరు గీసిన గ్రాఫు, ఆపైన 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే డాక్టర్లు కలిపిన రెండు గీతలు. ఎక్కడో దూరాన చిన్న క్లినిక్‌లో ఉన్న మిడ్‌వైఫ్‌కి, తల్లిని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలో తెలియడానికి పుట్టిన గీతలవి. ఆ సాయం చిన్నది కాదు. అయితే గంటకో సెంటీమీటరన్నది కొందరు ఆడవాళ్ల విషయంలో మరీ తొందరపాటు లెక్కని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ సంస్థే 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ అనే కొత్త ప్రసవ చార్టులో అసలు నొప్పుల దశను 4 సెంటీమీటర్ల దగ్గర కాకుండా 5 దగ్గర మొదలుపెట్టారు. 5 దగ్గరే 6 గంటలు, 6 దగ్గరే 5 గంటలు, 7 దగ్గరే 3 గంటలు నిలిచిపోతే అప్పుడు హెచ్చరిక.

ఇదంతా ఆ అమ్మాయికీ తెలుసు, పరీక్షలో రాసింది కూడా. కానీ నొప్పులతో మెలికలు తిరుగుతున్న మనిషి పక్కన నిలబడ్డప్పుడు చదివింది గుర్తుకు రాదు, భయమే ముందుకొస్తుంది. అందుకే జవాబు చెప్పకుండా లోపలికి తీసుకెళ్లి, ఆవిడని అడిగి, కడుపు మీద చెయ్యి పెట్టించాను. బిడ్డ తల ఎంత తగులుతోంది? పొద్దున అయిదింట నాలుగు వంతులు తగిలింది, ఇప్పుడు మూడే, అంటే తల కిందికి దిగుతోంది. పది నిమిషాల్లో నొప్పులెన్ని, ఒక్కోటి ఎంతసేపు? నొప్పి తగ్గాక గుండె చప్పుడు ఎలా ఉంది? ఆవిడ మూత్రానికి ఎప్పుడు వెళ్లింది? ఒక్కోటీ తనే చూసి చెబుతుంటే గొంతులో వణుకు తగ్గింది. ఆ వివరాలనే అంకెలతో సహా డాక్టరుగారికి ఫోన్‌లో చెప్పమన్నాను. "ఆలస్యమైపోతోందండీ" అనడానికీ, ఇలా చెప్పడానికీ ఎంతో తేడా ఉంది. ఆ తేడా నేర్పడమే ఇవాళ నా పని.

కొత్త చార్టులో నాకు బాగా నచ్చేది గడుల వరుస. గుండె చప్పుడు, బీపీల కంటే ముందు తోడెవరున్నారు, తాగడానికేమైనా ఇచ్చారా, ఏ భంగిమలో ఉంది అన్నవి అడుగుతుంది. ఆవిడ పక్కన వాళ్లక్క ఉంది. కాసేపు నడిపించాం, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని అక్క భుజం మీద వాలింది. మధ్యాహ్నం దాటాక పాప పుట్టింది. రొమ్ము మీద పడుకోబెట్టి, నిమిషం దాటాకే బొడ్డుతాడుకి క్లాంపు పెట్టాం. మాయ పూర్తిగా వచ్చిందో లేదో అమ్మాయే తిప్పి తిప్పి చూసింది.

సాయంత్రం వార్డు కాస్త సద్దుమణిగాక డ్రిల్, అంటే కాన్పయ్యాక రక్తస్రావమైతే ఏం చేయాలో అందరం కలిసి చేసే సాధన. ఎర్ర రంగు కలిపిన నీళ్లు 700 మిల్లీలీటర్లు కొలిచి పక్క మీద, గుడ్డల మీద పోసి, ఎంత పోయిందో చెప్పమన్నాను. ఎక్కువమంది 300 అన్నారు, అందులో సీనియర్లూ ఉన్నారు. 500 దాటితే ప్రమాదం కింద లెక్కేసే పనిలో కంటి అంచనా ఇలా ఉంటుంది! 2023లో వచ్చిన ఈ-మోటివ్ పరిశోధన ఫలితాలు చెప్పిందీ ఇదే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు లక్షలకు పైగా కాన్పులు చూశారు. కొలతలున్న సంచిలో రక్తాన్ని పట్టి, గర్భాశయాన్ని మర్దన చేయడం, అది ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కణ్నుంచి వస్తోందో పరీక్షించడం అన్నీ కలిపి వెంటనే చేస్తే, తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. అందులో కొత్త మందేదీ లేదు. ఉన్నవాటినే ఒకదాని ఫలితం కోసం ఆగి ఇంకోటి ఇవ్వకుండా, అందరూ ఒక్కసారి కదలడం, అంతే. పొద్దున నేను ఓపిక పట్టమని చెప్పిన ఆ అమ్మాయినే సాయంత్రం "ఇప్పుడు ఆగకు, చెయ్యి తియ్యకు, పెద్దగా పిలువు" అని తొందరపెట్టాను.

మిడ్‌వైఫ్ ఎదగడమంటే నా దృష్టిలో ఇదే, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు కదలాలో చేతికి తెలియడం. ఇది సర్టిఫికెట్ల ఫైలుతో రాదు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ మూడేళ్లకోసారి రెన్యూవల్ కావాలంటే 450 గంటల పని, 35 గంటల శిక్షణ చూపించాలి. ఆ 35లో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. పైగా తన పని గురించి తాను ఆలోచించి రాసినవి అయిదు. వాటిని ఇంకో నర్సుతోనో మిడ్‌వైఫ్‌తోనో కూర్చుని మాట్లాడాలి. గంటల లెక్క కంటే ఆ మాట్లాడుకోవడమే నాకు విలువగా అనిపిస్తుంది. చాలాచోట్ల మిడ్‌వైఫ్‌లు నేర్చుకునే గంటలు వాళ్ల సెలవు రోజులోంచే పోతాయి. రాత్రి డ్యూటీ చేసి, నిద్ర మానుకుని తరగతిలో కూర్చున్నవాళ్లకి ఏం తలకెక్కుతుంది? ఇది అన్యాయం. డ్రిల్ కూడా డ్యూటీలో భాగమే, రోస్టర్‌లో దానికో సమయం ఉండి తీరాలి.

వెళ్లే ముందు ఆ అమ్మాయి, నేను కూర్చుని చార్టు మొదటి గడి నుంచి చదివాం. 6 సెంటీమీటర్ల దగ్గర ఏం చూశావో, ఎందుకు ఆగావో నీ మాటల్లో రాసి తెమ్మన్నాను. వచ్చే నెల రోస్టర్ ఇంకా వేయలేదు. వారానికో గంట డ్రిల్‌కి కేటాయించమని రేపు ఇన్‌ఛార్జిగారిని అడుగుతాను, రంగునీళ్ల డ్రిల్‌లో ఎవరెంత చెప్పారో రాసిన కాగితం తీసుకెళ్లి మరీ.