దాహమేసినా నీళ్లు తాగరు

తిరువళ్లూరు దగ్గర మా పిన్ని వాళ్ల ఊళ్లో నాట్లేసే ఆడవాళ్లు పొద్దున ఒక గ్లాసు నీళ్లు తాగితే మళ్లీ మధ్యాహ్నం దాకా ముట్టరు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల మరుగుదొడ్డి లేదు. చీర మీద మగవాళ్ల చొక్కా, గట్టు మీద ఎండకి కాగిపోయిన నీళ్ల సీసా. చెన్నై ఉక్కపోత మనకి తెలిసిందే, గాల్లో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఆపైన నీళ్లు కూడా తాగకపోతే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది.

చెన్నైలో మేముండే పోరూరులోనే ఉన్న శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థ వాళ్లు తమిళనాడులో 800 మంది గర్భిణుల్ని పరిశీలించారు. విపరీతమైన వేడిలో పనిచేసేవాళ్లకి గర్భస్రావం, మృతశిశు జననం ముప్పు రెట్టింపని తేలింది. అది చదివాక మనసు మనసులో లేదు.

2024లో ఇక్కడి ప్రభుత్వం వడగాడ్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. మంచిదే, కానీ మనిషి పోకముందే కావాల్సినవి నీడ, నీళ్లు, మరుగు. తెల్లవారుజామునే పని మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపెయ్యాలి, కూలి మాత్రం కొయ్యకూడదు, కూలి తగ్గుతుందంటే ఎవరూ ఆగరు కదా. మనలో చాలామందికి ఊళ్లో పొలాలున్నాయి, కౌలుకిచ్చినా సరే, ఈ వేసవికి గట్టు మీద ఒక తాటాకు పందిరి, తడికెలతో చిన్న మరుగు, ఒక నీళ్ల కుండ పెట్టించండి.