ఆ రెండూ ఒకేసారి అక్కడ ఉన్నాయా?

పోయిన నవంబరులో, స్వీడన్‌లో నేను పనిచేసే ప్రయోగశాల వారపు సమావేశంలో, ఒక పెద్దావిడ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. మూడు నెలలు కూర్చుని తయారు చేసిన పట్టికను నేను తెర మీద చూపిస్తున్నాను. ఒక ఎంజైములో, అంటే రసాయన చర్యలను వేగంగా నడిపే ఒక ప్రోటీనులో, ఏ అమినో ఆమ్లం దేనికి ఎంత దగ్గరగా ఉందో లెక్కగట్టి, 412 జతలను వరుసగా పేర్చిన పట్టిక అది. వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన జత ఒక అర్జినైన్, ఒక గ్లుటమిక్ ఆమ్లం. ఒకదానిది ధనావేశం, మరొకదానిది ఋణావేశం, మధ్య దూరం 2.9 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. ఈ ఎంజైము వేడికి చెడకుండా నిలబడటానికి ఈ జత ఒక కారణం కావచ్చునని చెబుతూ ఉండగా, ఆవిడ కళ్ళద్దాలు తీసి, “ఆ రెండూ ఒకేసారి అక్కడ ఉన్నాయా?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ తల ఊపి ఊరుకున్నారు. సమావేశం ముగిసి అందరూ కాఫీకి లేచారు.

గొంతు పెంచింది లేదు, తప్పు పట్టింది లేదు. అయినా ఆ ప్రశ్న నాతో పాటు విమానమెక్కి, చెల్లెలి పెళ్ళికని ఫిబ్రవరి నెలాఖరున రాజోలు వైపున్న మా ఊరికి వచ్చేసింది. పెళ్ళి పనుల మధ్య, పెరట్లో కొబ్బరి చెట్ల కింద కూర్చున్నా అదే గుర్తుకు వస్తూ ఉంటే, దాన్ని ఒకసారి మొదటి నుంచీ రాసి చూసుకోవాలనిపించింది.

ప్రోటీను అంటే అమినో ఆమ్లాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని వరుసగా నిలబడిన గొలుసు. గొలుసులో చేరిన ఒక్కొక్కదాన్ని మా వృత్తిలో రెసిడ్యూ అంటాం. ఆ గొలుసు తనంతట తాను ముడుచుకుని ఒక రూపానికి వచ్చినప్పుడు, వరుసలో ఎక్కడెక్కడో ఉన్నవి పక్కపక్కకు చేరతాయి. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమును చూడండి. తణుకు, అనపర్తి వైపు కోళ్ళ ఫారాలను చూస్తూ పెరిగిన నాకు ఈ ఉదాహరణ ఎప్పుడూ దగ్గరిదే. 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం దాని రూపాన్ని కనిపెట్టింది. అందులో 129 రెసిడ్యూలు ఉంటాయి. 6వది, 127వది రెండూ సిస్టీన్‌లే. ఒకటి గొలుసు మొదట్లో, మరొకటి దాదాపు చివర ఉన్నా, ముడుచుకున్న ప్రోటీనులో ఆ రెంటినీ గంధకపు బంధం కలిపి కట్టేస్తుంది. 129 రెసిడ్యూలను జతలుగా తీసుకుంటే 8,256 జతలు తేలతాయి. వాటిలో ఏవి ఒకదానికొకటి నిజంగా తగులుతున్నాయో తేల్చడమే కాంటాక్టుల విశ్లేషణ.

చెప్పడానికి తేలికే కానీ, తగలడం అంటే ఏమిటన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. రెసిడ్యూలో గొలుసు వెన్నెముక నుంచి పక్కకు వేలాడే కొమ్మను పక్క గొలుసు అంటాం. పక్క గొలుసులోని మొదటి కార్బన్ల మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్టు అని కొందరు లెక్కిస్తారు. గ్లైసీనుకు ఆ కార్బన్ ఉండదు కనుక దాని విషయంలో వెన్నెముకలోని కార్బన్‌నే తీసుకుంటారు. హైడ్రోజన్ కాని ఏ రెండు పరమాణువులైనా నాలుగున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండాలని మరికొందరు అంటారు. వ్యతిరేక ఆవేశాలున్న జతకైతే 4 ఆంగ్‌స్ట్రామ్‌ల హద్దు పెట్టుకోవడం పరిపాటి. హద్దు ఎక్కడ గీశామన్న దాన్ని బట్టి పట్టిక పెరుగుతుంది లేదా తరుగుతుంది. నేను ఇవన్నీ చూసుకున్నాను, హద్దులు మార్చి మార్చి లెక్కలు వేశాను. అందుకే ఆ ప్రశ్న అంతగా గుచ్చుకుంది, ఎందుకంటే అది దూరం గురించి అడిగిన ప్రశ్న కాదు.

ప్రోటీను రూపాన్ని చూడటానికి దాన్ని స్ఫటికంగా మార్చి, దాని గుండా ఎక్స్ కిరణాలు పంపుతాం. స్ఫటికంలో ఒకే ప్రోటీను లెక్కలేనన్ని ప్రతులుగా పేర్చి ఉంటుంది. ఎక్స్ కిరణాలు మనకు చూపించేది వాటన్నిటి సగటును. కొన్ని ప్రతుల్లో ఒక పక్క గొలుసు ఇటు తిరిగి, మిగతా వాటిలో అటు తిరిగి ఉంటే, ఆ నిర్మాణాన్ని ఫైలుగా దాఖలు చేసేవారు రెండు స్థితులనూ ‘ఎ’ అనీ ‘బి’ అనీ పేరు పెట్టి, ఏది ఎంత భాగమో పక్కనే రాస్తారు. నా అర్జినైన్‌కు ‘ఎ’ 0.65, ‘బి’ 0.35. గ్లుటమిక్ ఆమ్లానికీ అంతే. నా ప్రోగ్రాము ఫైలులో కనబడిన ప్రతి పరమాణువునూ తీసుకుని, అర్జినైన్ ‘ఎ’ స్థితికీ గ్లుటమిక్ ఆమ్లం ‘బి’ స్థితికీ మధ్య దూరం కొలిచింది. ఆ రెండు స్థితులూ ఏ ఒక్క ప్రతిలోనూ కలిసి ఉన్నట్టు నిర్మాణం చెప్పడం లేదు. నేను చూపించిన 2.9 ఆంగ్‌స్ట్రామ్‌లు ఎప్పుడూ కలుసుకోని ఇద్దరి మధ్య దూరం.

ఆ పెద్దావిడకు ఇది తెర మీద చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. అయితే చెప్పలేదు, అడిగారు. నాలుగు నెలలుగా నేను మథనపడుతున్నది ఈ ఒక్క విషయం గురించే. తప్పు ఇక్కడ ఉందని చూపించి, ఇలా దిద్దుకో అని ఒక్క మాట అంటే ఏం పోయేది? మా ఊళ్ళో లెక్కల మాస్టారు తప్పు చేస్తే తిట్టేవారు, తిట్టి పక్కన కూర్చోబెట్టుకునేవారు, లెక్క తెగేదాకా లేవనిచ్చేవారు కారు. స్వీడన్‌లో ప్రొఫెసరును కూడా పేరు పెట్టి పిలుస్తారు, అందరూ సమానమే, కాఫీ బల్ల దగ్గర అందరూ పక్కపక్కనే కూర్చుంటారు. ఇవన్నీ నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేవే. కానీ ఆ సమానత్వంలో నా తప్పు పూర్తిగా నాది అయిపోతుంది, దాన్ని మోయడానికి పెద్దవాళ్ళెవరూ చేయి వేయరు.

ఇలా బాధపడిన ప్రతిసారీ నాకు ప్రోటీనుల రూపాలను పరిశోధించిన శాస్త్రవేత్త జి.ఎన్.రామచంద్రన్ గుర్తుకు వస్తారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఉండగా ఆయన, గోపీనాథ్ కర్తాతో కలిసి, చర్మంలో, ఎముకల్లో ఉండే కొలాజెన్ అనే ప్రోటీనుకు మూడు పేటల రూపాన్ని ప్రతిపాదించారు. దానిలో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా వచ్చాయని 1955లో ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ అనే శాస్త్రవేత్తలు విమర్శించారు. అదీ కాంటాక్టుల మీద వచ్చిన మందలింపే, పైగా పత్రికల్లో, ప్రపంచమంతా చూస్తుండగా. అప్పుడు ఆయన అంతవరకు తెలిసిన స్ఫటిక నిర్మాణాలను వెతికి, ఏ పరమాణువు దేనికి ఎంత దగ్గరగా రాగలదో నిజంగా చూసి రాసుకున్నారు. కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య మామూలుగా 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, మరీ తప్పనిసరైతే 3.0. ఆక్సిజన్‌కూ ఆక్సిజన్‌కూ 2.7, తప్పనిసరైతే 2.6. ఆ కొలతల మీదే 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ఆయన గీసిన, ప్రోటీను గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో చూపే పటంతో, ఈనాటికీ ప్రపంచంలో ప్రతి ప్రోటీను నిర్మాణాన్నీ సరిచూస్తున్నారు. స్వీడన్‌లోని మా ప్రయోగశాలలోనూ సరిచూస్తారు. దగ్గరితనాన్ని కొలవడం మనకు మరొకరు నేర్పవలసిన విద్య కాదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఆ మాటకొస్తే ఆయన ఆ విమర్శకు కోపంతో కాక కొలతలతో జవాబు చెప్పారన్నది నేను ఎక్కువగా తలుచుకోవలసిన సంగతి. నాకు మాత్రం ముందు గుర్తుకొచ్చేది మద్రాసే.

పెళ్ళి అయిన నాలుగో రోజున మా బాబాయితో కలిసి చేలగట్టు మీద నడిచాను. ఆయన ఇరిగేషన్‌లో లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి వచ్చే కాలువ నీరు ఏ బోదెకు ఎప్పుడు వెళుతుందో ఇప్పటికీ ఆయనను అడిగేవాళ్ళున్నారు. దాళ్వా పైరుకు నీరు తగ్గి వంతులు పెట్టారు. ఒక తూము మూసి ఉంది, దిగువన మరొకటి పారుతోంది.

“బాబాయ్, ఈ నెల రిజిస్టరు చూస్తే రెండు తూములూ తీసినట్టే ఉంటుంది కదా. తెలియనివాళ్ళు రెండూ కలిపి లెక్క కడితే?” అని అడిగాను.

“కలిపితే కాలవలో ఉన్న నీళ్ళకంటే ఎక్కువ తేలతాయమ్మా. ఇది పారినప్పుడు అది పారదు. ఏ రోజు ఏది తీసుందో చూడకుండా లెక్కేం లెక్క?” అని ఆగి, నా మొహంలోకి చూసి, “ఏం, అక్కడ నువ్వలా కట్టావా?” అన్నారు.

కట్టానని చెప్పాను. ఆయన నా తల మీద చేయి వేసి, ఆ తూములో అడ్డుపడిన గుర్రపుడెక్క తీయడానికి దిగిపోయారు. ఆయనా ప్రశ్నే అడిగారు, ఆవిడా ప్రశ్నే అడిగారు. ఇద్దరికీ జవాబు ముందే తెలుసు. నాకు ఆ చేయి కావలసి వచ్చింది, అంతే తేడా.

ఆ రాత్రి వీధి అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని లెక్క మళ్ళీ మొదలుపెట్టాను. ‘ఎ’ని ‘ఎ’తోనే, ‘బి’ని ‘బి’తోనే కొలిచి, ప్రతి జత పక్కన అది ఎంత భాగంలో ఉందో తెలిపే కొత్త గడి చేర్చాను. 24 జతలు పట్టికలోంచి పోయాయి. నా అర్జినైన్ జత మాత్రం పూర్తిగా పోలేదు. ‘ఎ’ స్థితిలో రెండూ 6 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా విడిపోయి ఉన్నాయి, ‘బి’ స్థితిలో 3.6కు చేరాయి. అంటే ఆ జత ఉంది, కానీ నూటికి ముప్ఫై అయిదు ప్రతుల్లోనే ఉంది. ఎంజైము మొత్తాన్నీ నిలబెడుతోందని అనడానికి అది చాలదు, లేదని కొట్టిపారేయడానికీ లేదు.

పట్టికను ఆవిడకు పంపాను. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ జవాబు వచ్చింది. బాగుందని లేదు, బాగోలేదని లేదు. “ఇది ఏ ఉష్ణోగ్రతలో తీసిన డేటా?” అని ఒకటే వాక్యం. మా స్ఫటికాలను దాదాపు అందరూ చేసినట్టే 100 కెల్విన్ దగ్గర, అంటే సున్నా సెల్సియస్‌కు 173 డిగ్రీల దిగువన, గడ్డకట్టించి కొలిచాం. అలా చల్లార్చినప్పుడు పక్క గొలుసులు ‘ఎ’, ‘బి’ స్థితుల మధ్య తమ పంపకాన్ని మార్చుకోవచ్చు. గది ఉష్ణోగ్రతలో ఆ 0.35 ఎంత ఉంటుందో ఈ డేటా చెప్పదు.

100 కెల్విన్ అని రాశాను. గడ్డకట్టించని స్ఫటికాలు మన దగ్గర ఇంకా మిగిలి ఉన్నాయా అని, దాని కిందే నేనూ ఒక ప్రశ్న అడిగాను.